చావనివ్వని ప్రొటీనూ, మా వదినా, నేనూ

పద్మారావు నగర్‌లో మా గల్లీలో ఎవరికి ఏ జబ్బు చేసినా, రిపోర్టు కవరు పట్టుకుని ముందు మా గడపే ఎక్కేవాళ్ళు. నేను డాక్టర్ని కాను. ఒక ప్రైవేటు ల్యాబులో ముప్పై ఏళ్ళుగా టెక్నీషియన్‌ని. అయినా కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, ఆ కాగితాన్ని వెలుతురుకేసి పట్టుకుని తీర్పు చెప్పడంలో నాకొక సుఖం ఉండేది. అప్పట్లో దాన్ని సేవ అనుకునేదాన్ని. ఇప్పుడు దాని అసలు పేరు తెలిసింది.

ల్యాబులో నా పని చెబుతాను. ఆపరేషన్ గదిలో కోసి తీసిన చిన్న ముక్కలు మా దగ్గరికి వస్తాయి. వాటిని మైనంలో పోసి దిమ్మ చేసి, మెషీన్ మీద ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, గోరువెచ్చటి నీళ్ళ మీద తేలనిచ్చి, గాజు పలక మీదికి ఎత్తుకుని రంగులు వేయాలి. చెయ్యి వణికితే ముక్క ముడత పడుతుంది, మైక్రోస్కోపులో చూసే పెద్ద డాక్టరుకి ఏమీ కనబడదు. నా చెయ్యి వణకదని పేరు. కొన్ని పలకల మీద ఒక ప్రత్యేకమైన రంగు వేస్తాం. కణంలో మేం వెతికే ప్రొటీన్ ఉంటే అక్కడ గోధుమ రంగు తేలుతుంది, లేకపోతే ఆ కణం నీలంగా ఉండిపోతుంది. అలా వెతికే ప్రొటీన్లలో ఒకదాని పేరు బీసీఎల్-2.

మన ఒంట్లో ప్రతి కణానికీ ఆయుష్షు ఉంటుంది. ముసలిదైనా, చెడిపోయినా, ఇక నీ అవసరం లేదని కబురందినా, అది గొడవ చేయకుండా తనంతట తానే చచ్చిపోతుంది. రోజూ కోట్ల కొద్దీ అలా పోతుంటాయి, మనకు తెలియను కూడా తెలియదు. చచ్చిపోవడానికి కావలసిన సరంజామా అంతా కణం లోపలే సిద్ధంగా ఉంటుంది. దాన్ని పట్టి ఆపే ప్రొటీన్లు కూడా లోపలే ఉంటాయి. బీసీఎల్-2 అలాంటిది. మామూలు కణాల్లో దాని పని మంచిదే, తొందరపడి చావకుండా కాస్తుంది. కొన్ని క్యాన్సర్లలో అది మితిమీరి తయారవుతుంది. అప్పుడు చెడిపోయిన కణానికి కబురు అందుతూనే ఉన్నా, అది చావదు. క్యాన్సర్ అంటే కణాలు పిచ్చిగా పెరగడమే అనుకుంటాం. కొన్నిట్లో అవేమంత వేగంగా పెరగవు, పోవడం మానేస్తాయంతే.

ఈ సంగతంతా ఒక ఆదివారం చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ మా వదినకు చెప్పాను.

“అంటే నీ లెక్కనే అన్నట్టు,” అంది వదిన తల ఎత్తకుండానే. “నాలుగొద్దులు ఉంటనని వచ్చి ఇంట్లనే కూసున్నవ్. పొమ్మందామంటే మీ అన్న అడ్డం.”

నాకు నవ్వూ వచ్చింది, మంటా వచ్చింది. ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. మల్కాజ్‌గిరిలో అత్తగారింటి నుంచి ఇరవై ఆరేళ్ళ వయసులో ఒక సూట్‌కేసుతో అన్న ఇంటికి వచ్చేశాను. మా ఆయనకూ నాకూ పొసగలేదు, దాని గురించి ఇక్కడ చెప్పేదేమీ లేదు. అన్న రైల్వే ఆఫీసులో గుమాస్తా. వాళ్ళకు పిల్లలు కలగలేదు. వదిన ఏడో తరగతితో చదువు మానేసిన మనిషి, ఇంటి దగ్గరే జాకెట్లు కుట్టేది. కూరలో ఉప్పు ఎంత వేయాలో, ఏ డాక్టరు దగ్గరికి పోవాలో, ఏ మాత్ర ఎప్పుడు మింగాలో అన్నీ ఆమెకు నేనే చెప్పేదాన్ని. “ఆడిబిడ్డ అర్ధమొగుడంటరు. నాకు ఒక్కటిన్నర మొగుళ్ళు,” అని గల్లీలో అందరి ముందూ అనేది. అంటూనే నేను చెప్పినట్టు చేసేది.

అన్న గుండెపోటుతో పోయాక ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. నన్ను పొమ్మనే హక్కు ఇప్పుడు ఆమెకు పూర్తిగా ఉంది. ఆ మాట ఆమె ఎత్తలేదు, నేనూ అడగలేదు.

ఆ మరుసటి ఏడు ఆమె మెడ పక్కన రేగుపండంత గడ్డలు లేచాయి. నొప్పి లేదు, జ్వరం లేదు. ఒక గడ్డ తీసి పరీక్షకు పంపారు. ఆ ముక్క మా ల్యాబుకే వచ్చింది. ఇంకొకరి చేతికి ఇవ్వకుండా రంగు నేనే వేశాను. మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే ఈ చివర నుంచి ఆ చివర దాకా గోధుమ రంగే. ఎన్ని వందల పలకల మీద అదే రంగు చూసి ‘ఎంత చక్కగా తేలింది’ అని మురిసిపోయానో గుర్తొచ్చి, నా మీద నాకే అసహ్యం వేసింది.

తెల్ల రక్తకణాల్లో వచ్చే నెమ్మదైన క్యాన్సర్ అన్నారు. ఇప్పుడే మందు అక్కర్లేదు, మూడు నెలలకోసారి చూస్తూ ఉందాం అన్నారు. “క్యాన్సరంటరు, మందియ్యరు. ఇదేం తమాషా?” అంది వదిన. ఏడాదికి పైగా ఆ తమాషా నడిచింది. తర్వాత ఆమెకు రక్తం తగ్గడం మొదలైంది, మెట్లెక్కితే ఆయాసం, కుట్టుమిషన్ తొక్కలేకపోయింది. ఒక మాత్ర మొదలుపెట్టారు. గడ్డలు కరిగాయి గాని గుండె కొట్టుకోవడం గతి తప్పింది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. ఆ మాత్ర ఆపేశారు, గడ్డలు మళ్ళీ లేచాయి.

అప్పుడు వదినను చూస్తున్న డాక్టరు రెండో మాత్ర సంగతి చెప్పింది. ఆమె కాకినాడ వైపు మనిషి, ముప్పై అయిదేళ్ళుంటాయేమో, ఎంత కష్టమైన మాటనైనా ‘అండి’ తగిలించి మెత్తగా చెబుతుంది.

“ఈ మాత్ర సరాసరి ఆ బీసీఎల్-2నే పట్టుకుంటుందండి. అది అడ్డు తొలగితే కణాలు వాటంతటవే చచ్చిపోతాయి. కాకపోతే ఒక్కసారిగా చస్తే ప్రమాదం. వాటి లోపలున్న పొటాషియం, యూరిక్ యాసిడ్ అన్నీ రక్తంలోకి వచ్చి పడతాయి. కిడ్నీలు తట్టుకోలేవు. గుండె ఆగిపోవచ్చు కూడాను. అందుకని మొదటి వారం చిన్న మోతాదు, వారం వారం పెంచుకుంటూ అయిదో వారానికి పూర్తి మోతాదు. పెంచిన ప్రతిసారీ రక్తపరీక్ష. నీళ్ళు బాగా తాగాలి. మీ వదినగారికి బీపీ వల్ల కిడ్నీలు ముందే కొంచెం నీరసంగా ఉన్నాయి కాబట్టి పొటాషియం ఉన్నవి తగ్గించాలి. ఏం తినొచ్చు, ఏం తాగొచ్చు అన్నది కింద గదిలో మా డైటీషియన్ ఉంటారు, ఆవిడని అడిగి వెళ్ళండి.”

“అవసరం లేదు డాక్టర్. నేను ల్యాబులోనే పనిచేస్తా, నాకు తెలుసు,” అన్నాను.

డాక్టరు ఒకసారి నా వంక చూసి సరేనంది. నేను ఇంకో మాట మాత్రం అడిగాను, ఈ మందు కూడా పడకపోతే ఏమిటని. “తర్వాత మన చేతిలో పెద్దగా ఏమీ లేవండి,” అంది. వదిన ఆ సమయానికి బయట బల్ల మీద కూర్చుని ఉంది. ఆ మాట ఆమెకు నేను చెప్పలేదు.

ఇంటికొచ్చి రాజ్యం మొదలుపెట్టాను. ఈ మాత్రకు పడని పళ్ళ పేర్లు ఆసుపత్రి కాగితంలో ఉన్నాయి, పంపరపనసతో సహా. ఆ కాగితం ఫ్రిజ్ తలుపుకు అతికించాను. పొటాషియం అనగానే నాకు తెలిసింది అరటిపండు. ఎదురింటి ఆమె పరామర్శకు డజను అరటిపళ్ళు పట్టుకొస్తే గడప దగ్గరే ఆపి, పొటాషియం గురించి చిన్న ఉపన్యాసం ఇచ్చి, పళ్ళతో సహా తిప్పి పంపాను. ఆమె మొహం మాడిపోయింది. “దునియాల ఎవ్వరికి లేని తెలివి నీకే ఉన్నది,” అంది వదిన లోపలి నుంచి.

నీళ్ళ దగ్గర వచ్చింది తంటా. సీసా మీద పెన్నుతో గీతలు పెట్టి, గంటకొక గీత దిగాలన్నాను. మొదటి రోజే ఆమె చేతులెత్తేసింది.

“నీళ్ళు నోట్ల వెట్టుకుంటే వగరైతున్నయి. కడుపుల దేవినట్టయితుంది. జెర ఆగరాదు,” అంది.

“ఆగితే కిడ్నీలు ఖరాబైతయి. తాగు,” అన్నాను.

“నీ నోటికి దండం వెడ్త. తాగలేనే.”

సాయంత్రం ల్యాబు నుంచి వస్తుంటే మా గల్లీ మలుపులో కొబ్బరి బొండాల బండి కనబడింది. రోజూ కనబడేదే. ఆ రోజు నాకు గొప్ప ఆలోచన వచ్చినట్టయింది. మన దగ్గర ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా, ఏ జబ్బని అడగకముందే చేతికి వచ్చేది బొండామే కదా. జ్వరానికి అదే, విరేచనాలకు అదే, కాన్పుకు అదే, ఆపరేషన్‌కు అదే.

“పేషెంటుకా అమ్మా?” అన్నాడు బండి ఆయన, నేను నోరు తెరవకముందే. “లేతయి ఇస్త. పొద్దుగాల ఒకటి, పగటీలి ఒకటి తాగిపియ్యుండ్రి. తాకత్ వస్తది.”

వదిన ఆ నీళ్ళు గటగటా తాగేసింది. వాంతి లేదు, వగరు లేదు. “గిది మంచిగున్నది. గిదైతే ఎన్నన్న తాగుత,” అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ రోజు నుంచి రోజుకు మూడు. పొద్దున ఒకటి, నేను ల్యాబుకు పోయేముందు స్టీలు చెంబులో పోసిపెట్టేది ఒకటి, సాయంత్రం ఒకటి. మామూలు నీళ్ళ కన్నా ఇవే మేలని, సెలైన్‌తో సమానమని ఎదురింటి ఆమెకు కూడా గోడ మీద నుంచి చెప్పాను. అరటిపళ్ళు తిప్పి పంపిన ఇంట్లోకి రోజుకు మూడు బొండాల పొటాషియం నా చేతుల మీదుగానే వచ్చింది.

మొదటి వారం రిపోర్టులో పొటాషియం కొంచెం పెరిగింది. రెండో వారం ఇంకొంచెం. హద్దు దాటలేదు కాబట్టి ఆసుపత్రి వాళ్ళు జాగ్రత్త అన్నారు, అంతే. నేనైతే సంతోషపడ్డాను. కణాలు చస్తున్నాయి కాబట్టే వాటిలోది బయటికొస్తోందని, మందు పనిచేస్తోందని లెక్క కట్టుకున్నాను. “చూసినవా వదినా, షురూ అయింది,” అని ఆ కాగితం ఆమె మొహం ముందు ఆడించాను. ఆమె కూడా నవ్వింది.

మూడో వారం గురువారం నాడు మోతాదు పెంచారు. శుక్రవారం పొద్దున రక్తం ఇచ్చి ఇంటికొచ్చాం. రెండు గంటలకల్లా ఫోను. అయిదు చుట్టుపక్కల ఆగాల్సిన పొటాషియం ఆరు దాటింది, ఉన్నపళంగా తీసుకురండి అన్నారు. ఆటోలో వదిన కాళ్ళు బరువుగా ఉన్నాయంది. నేను మాత్రం దారి పొడుగునా వాళ్ళ ల్యాబుని తిడుతూ కూర్చున్నాను. రక్తం తీసేటప్పుడు సూది సరిగ్గా పడక కణాలు చితికితే కూడా ఈ అంకె దొంగగా పెరుగుతుంది. మా పనిలో అది మామూలు. ఆసుపత్రిలో అడుగు పెట్టగానే, “శాంపిల్ చెడగొట్టి ఉంటారు, మళ్ళీ తీయండి,” అని నర్సు మీద ఎగిరాను. ఆమె మళ్ళీ తీసింది. అంకె మారలేదు. గుండె పరీక్ష కాగితం మీద గీతలు కూడా అదే మాట చెప్పాయి. వదినను పడుకోబెట్టి, ఇంజెక్షన్లు ఇచ్చి, ఛాతీకి తీగలు తగిలించారు.

డాక్టరు వచ్చి మంచం పక్కన నిలబడింది. “మిగతావేవీ అంతగా పెరగలేదండి. యూరిక్ యాసిడ్ బాగానే ఉంది. పొటాషియం ఒక్కటే పెరిగింది. ఇంట్లో తిండిలోగాని, తాగేవాటిలోగాని కొత్తగా ఏమైనా ఇచ్చారా?” అని అడిగింది.

తాగేవాటిలో అన్న మాట చెవిన పడగానే నాకు స్టీలు చెంబు కళ్ళ ముందు నిలిచింది. మొత్తం ఒక్క క్షణంలో అర్థమైపోయింది. ముప్పై ఏళ్ళుగా ల్యాబులో ఉన్నదాన్ని. అరటిపండులో ఉన్నది బొండాంలో ఎందుకుండదని ఒక్కసారైనా నాకు తోచలేదు.

“ఏం లేదండీ. మామూలు ఇంటి తిండే,” అన్నాను.

వదిన కళ్ళు మూసుకుని ఉందనుకున్నాను. తిరిగి చూస్తే తెరిచే ఉన్నాయి. నన్నే చూస్తున్నాయి.

దొంగకు తేలు కుట్టినట్టు ఆ సాయంత్రమంతా కూర్చున్నాను. పొటాషియం కొంచెం దిగింది. రేపు చెబుదాంలే, మనిషి ముందు తేరుకోనీ అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. శనివారం పొద్దున డాక్టరు వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుంది. డాక్టర్లు కూర్చున్నారంటే చెప్పబోయేది మంచి మాట కాదని నాకు తెలుసు.

“నాకు సరిగ్గా అంతు పట్టట్లేదండి. కణాలు మనం అనుకున్నదానికన్నా వేగంగా చస్తున్నాయనే అనుకోవాలి. ఈ కిడ్నీలతో, ఈ గుండెతో నేను రిస్క్ తీసుకోలేను. ఈ మాత్ర పూర్తిగా ఆపేద్దామనుకుంటున్నాను. సోమవారం మా పెద్ద డాక్టర్లతో కూడా మాట్లాడి చెబుతాను,” అంది.

“సరేనండి,” అన్నాను.

ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. ఇంకో మందు లేదని తెలిసి, ఈ మందు తప్పేమీ లేదని తెలిసి, సరేనన్నాను. టీ తాగొస్తానని వదినకు చెప్పి కిందికి దిగాను. గల్లీలో తెలిస్తే ఏమంటారు, అరటిపళ్ళ ఆమె ఎంత నవ్వుతుంది, ల్యాబులో నా కింద పని నేర్చుకున్న ఆడపిల్లలు ఏమనుకుంటారు, ఇవే ఆలోచనలు. మా వదిన ప్రాణం ఒకవైపు, నా పరువు ఒకవైపు పెట్టి నిజంగానే తూచాను. రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా జరిగింది అదే.

ఆసుపత్రి గేటు బయట వరసగా నాలుగు బొండాల బండ్లు. నా వయసే ఉన్న ఒకాయన చేతిలో టిఫిన్ డబ్బా పట్టుకుని ఒక బండి దగ్గర నిలబడి ఉన్నాడు. నా మెడలో ఉన్న విజిటర్ కార్డు చూసి, “అమ్మా, మావోళ్ళకు కిడ్నీ తక్లీఫ్ ఉన్నది, బొండాం తాగిపియ్యొచ్చా?” అని అడిగాడు.

“వద్దు!” అని అరిచాను. “చుక్క కూడా వద్దు. ముందు పైకి పోయి డాక్టర్ని అడుగు. అడగకుండ ఏదీ తాగిపియ్యకు.”

ఆయన బెదిరిపోయి డబ్బాతో లోపలికి నడిచాడు. “ఏందమ్మా, పొద్దుపొద్దుగాల నా గిరాకి చెడగొట్టవడ్తివి,” అని బండి వాడు తిట్టాడు. ముక్కూ మొహం తెలియని మనిషికి ఒక్క క్షణంలో చెప్పగలిగిన మాట, మూడో అంతస్తులో పడుకున్న మా వదిన కోసం నిన్నటి నుంచి చెప్పలేకపోయాను. టీ తాగలేదు. మెట్లెక్కి పైకి పోయాను.

వదిన కిటికీ వైపు తిరిగి పడుకుని ఉంది.

“వదినా, ఇది మందుతోటి కాలే,” అన్నాను. “బొండాంలతోటి అయింది. నేను తాగిపిచ్చిన గద, వాటితోటి.”

“నాకు ఎర్కే,” అంది.

“ఎప్పటి సంది?”

“నిన్న ఆ డాక్టరమ్మ అడగంగనే నీ మొఖం చూసిన. సమజైంది.”

“మరి నువ్వెందుకు చెప్పలే?”

ఆమె మెల్లగా నా వైపు తిరిగింది. ఛాతీ మీద తీగలు అటూ ఇటూ లాగాయి. “నువ్వు చెప్తవేమోనని చూసిన. పొద్దున మందు బంద్ జేస్తనన్నప్పుడన్న చెప్తవనుకున్న. సరేనంటివి,” అంది. “నా పానం కన్న నీ ఇజ్జతే పెద్దగైంది గదనే.”

ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నేను ఎదురు చెప్పేదాన్ని, మాకు అలవాటే. నేను మంచం పట్టీ పట్టుకుని ఏడ్చాను. ఆమె నన్ను ఊరుకోమనలేదు. కాసేపయ్యాక, “ఏడ్సుడు అయినంక పోయి చెప్పు,” అంది.

డాక్టరు రౌండ్ల మధ్యలో ఉంది. నర్సుల బల్ల దగ్గర, నలుగురి ముందరే చెప్పాను. రోజుకు మూడు అన్నాను. పదిహేను రోజులకు పైగా అన్నాను. నిన్న మీరు అడిగినప్పుడు నాకు తెలుసు, అబద్ధం చెప్పాను అని కూడా అన్నాను. నేను నిన్న ఎగిరి పడ్డ నర్సు అక్కడే నిలబడి వింది. డాక్టరు చేతిలో ఫైలు మూసి, “నిన్ననే చెప్పి ఉంటే మేము ఇంకోలా చూసేవాళ్ళమండి,” అంది. తర్వాత, “ఇప్పుడైనా చెప్పారు. లేకపోతే సోమవారం మందు ఆపేసేదాన్ని,” అంది. తిట్టి ఉంటే బాగుండేది.

పొటాషియం మామూలుకు వచ్చాక కిందటి వారం మోతాదుతో మళ్ళీ మొదలుపెట్టారు. బుధవారం ఇంటికి పంపేటప్పుడు డైటీషియన్ కాగితాలతో వచ్చింది. ఏం తాగాలో, ఏం తాగకూడదో వరసగా చెప్పి, “ఇంట్లో మందులు, తిండి ఎవరు చూసుకుంటారు? వాళ్ళ ఫోన్ నంబర్ రాసుకుంటాను,” అని పెన్ను తీసింది. అలవాటు కొద్దీ నేను నోరు తెరిచాను.

“నేనే చూసుకుంట,” అంది వదిన. “నా నంబరే రాసుకో బిడ్డా. నాకు సదువు లేకున్నా అడుగుడు వస్తది.”

డైటీషియన్ రాసుకుంది. నేను సంచి భుజాన వేసుకుని ఆటో కోసం ముందు నడిచాను.

ఇది జరిగి ఏడాది దాటింది. మందు పనిచేసింది. మెడ గడ్డలు పోయాయి, రక్తం పెరిగింది, వదిన మళ్ళీ మిషన్ ముందు కూర్చుని జాకెట్లు కుడుతోంది. మాత్ర తనే తీసుకుని మింగుతుంది. కొత్త కూర వండాలన్నా, దగ్గు మందు తాగాలన్నా ఆసుపత్రికి ఫోన్ చేసి అడుగుతుంది. అడిగి అడిగి ఆమెకు నాకన్నా ఎక్కువ తెలిసింది. ఒక ప్రొటీన్‌ని మందు పట్టి ఉంచినా, కొన్ని కణాలు ఇంకో ప్రొటీన్ సాయం తీసుకుని చావకుండా బతకడం నేర్చుకుంటాయని, అప్పుడు ఈ మాత్రకు లొంగవని, ఎప్పుడన్నది ఎవరూ చెప్పలేరని కూడా ఆమె డాక్టర్ని అడిగే తెలుసుకుంది. అది నాకు ఎప్పటి నుంచో తెలుసు. ఆమె దగ్గర దాచాను. “నువ్వు చెప్పకుంటే నాకు తెల్వదనుకున్నవా?” అంది, అంతే.

రక్తపరీక్ష రిపోర్టులు ఇప్పుడు ఆమె ఫోనుకే వస్తాయి. ఊళ్ళో వాళ్ళ రిపోర్టులన్నీ వాళ్ళకన్నా ముందు చూసిన నేను, ఈ ఒక్క రిపోర్టు కోసం ఎదురుగా కూర్చుని ఆమె మొహం చూస్తూ ఉంటాను. ఆమె చదువుతుంది, తెలియని అంకె దగ్గర వేలు పెట్టి మళ్ళీ చదువుతుంది, ఫోను పక్కన పెడుతుంది. నేను అడిగే దాకా చెప్పదు.

నిన్న పొద్దున రిపోర్టు వచ్చింది. చదివాక ఆమె టీ గ్లాసు అందుకుంది గాని తాగలేదు.

“ఏమొచ్చింది వదినా?” అన్నాను.

“తెల్లకణాలు జెర పెరిగినయి. డాక్టరమ్మకు ఫోన్ జేసి అడుగుత. మల్ల నెల చూద్దమంటదేమో.”

జలుబు చేసినా పెరుగుతాయి, ఒక్క నెల అంకెతో ఏమీ తేలదు, అలా చెప్పడానికి నా దగ్గర పది మాటలున్నాయి. అన్నీ నిజాలే. ఈసారి వాటిని పక్కన పెట్టాను.

“నీకు భయమైతుందా వదినా?” అని అడిగాను.

ఆమె గ్లాసు కింద పెట్టి, నా వైపు తిరిగింది.

“ఈ ఒక్క మాట అడగనీకి ఇన్నొద్దులు పట్టిందా పిల్లా?” అంది. గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకుని, “అయితది. శాన అయితది,” అంది.